మెయిన్ స్విచ్ తాళం ఎవరి దగ్గరుంది?

అద్దెకు షాపు తీసుకున్నవాళ్లు మొదటి రోజే షట్టర్ తాళాలు మార్పిస్తారు. గోడౌన్ తాళం, మేడ తాళం, చివరికి బాత్‌రూమ్ తాళం కూడా అడిగి తీసుకుంటారు. డిస్ట్రిబ్యూషన్ బోర్డు (డీబీ) తాళం అడిగేవాళ్లు మాత్రం అరుదు. ఆ బోర్డు సెల్లార్‌లోనో, మెట్ల కిందో, ఓనరు గారి స్టోర్ రూములోనో ఉంటుంది. 'కరెంటు పోతే వాచ్‌మన్‌కి ఫోన్ చెయ్యండి' అన్న ఒక్క మాటతో ఆ ప్రస్తావన ముగిసిపోతుంది. హైదరాబాద్ కోఠిలో కావచ్చు, విజయవాడ గవర్నర్‌పేటలో కావచ్చు, పాతికేళ్లు దాటిన కాంప్లెక్సుల్లో ఈ ఏర్పాటు తరచూ కనిపిస్తుంది.

దీన్ని సౌకర్యానికి సంబంధించిన చిన్న విషయంగా చూడటం అలవాటైపోయింది. నా దృష్టిలో ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. ఎందుకో కొన్ని అంకెలు చూస్తే తెలుస్తుంది.

230కి, 16,000కి మధ్య

మన షాపులకు వచ్చే సింగిల్ ఫేజ్ కరెంటు 230 ఓల్టులు. చెమట పట్టిన మనిషి ఒంటి నిరోధం సుమారు 1,000 ఓమ్‌లు అనుకుందాం. 230ని 1,000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీఆంపియర్లు. ఇందులో సుమారు 10 మిల్లీఆంపియర్లు చాలు, కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న తీగను వదల్లేని స్థితి రావడానికి. 30 దాటి కాసేపు కొనసాగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. షాక్ నుంచి మనిషిని కాపాడేందుకు పెట్టే ఆర్‌సీసీబీ మీద 30 మిల్లీఆంపియర్లు అని రాసి ఉండేది అందుకే.

ఇప్పుడు బోర్డులో లోడు మించితే తనంతట తనే పడిపోయే స్విచ్, ఎంసీబీ సంగతి చూడండి. షాపుల్లో ఎక్కువగా కనిపించే 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీఆంపియర్లు. షాక్ కొట్టిన మనిషి ఒంట్లోంచి పోతున్న 230 మిల్లీఆంపియర్లు అందులో డెబ్బయ్యో వంతు. వాట్లలో చెప్పాలంటే 53 వాట్లు. ఒక మనిషి ప్రాణం పోతున్న సమయంలో ఆ ఎంసీబీకి తెలిసేది ఎక్కడో ఒక పాతకాలపు బల్బు వెలిగినంత లోడు మాత్రమే. అది పడిపోదు. పడిపోయేలా దాన్ని తయారు చెయ్యలేదు కూడా. ఎంసీబీ కాపాడేది తీగను, మనిషిని కాదు.

అంటే ఆర్‌సీసీబీ లేని షాపులో షాక్ కొట్టిన మనిషిని విడిపించాలంటే ఇంకో మనిషి పరుగెత్తి మెయిన్ ఆపాలి. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ గానీ, గుండెను తిరిగి లయలో పెట్టే షాక్ చికిత్స గానీ అందకపోతే బతికే అవకాశం ప్రతి నిమిషానికీ 7 నుంచి 10 శాతం తగ్గుతూ పోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. కరెంటు ఆపకుండా ఆ మనిషిని తాకితే రెండో ప్రాణం కూడా పోవచ్చు. మూడో అంతస్తులోని టైలరింగ్ షాపు నుంచి సెల్లార్ దాకా దిగి, వాచ్‌మన్ ఎక్కడున్నాడో వెతికి, తాళాల గుత్తిలో సరైన తాళం పట్టుకుని, పేర్లు రాసి లేని ఇరవై స్విచ్‌లలో మనది ఏదో తేల్చుకునేసరికి ఎన్ని నిమిషాలవుతుందో మీరే ఒకసారి నడిచి చూడండి.

దేశంలో కరెంటు షాక్‌తో పోతున్న ప్రాణాలు జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికల ప్రకారం 2019, 2020, 2021లలో ఏటా 12 వేలు దాటాయి. పొలాల్లో, ఇళ్లలో, లైన్ల మీద జరిగినవి కూడా ఇందులో ఉన్నాయి కాబట్టి ఇవన్నీ అద్దె షాపుల లెక్క కాదు. ఆపే స్విచ్ చేతికి అందేంత దూరంలో ఉండటం ఎంత అవసరమో చెప్పడానికి మాత్రం ఈ సంఖ్య సరిపోతుంది.

మనిషి చెయ్యి దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

ఇక్కడ ఓనర్లు అడిగే ప్రశ్న ఒకటుంది. 'షార్ట్ సర్క్యూట్ అయితే ఎంసీబీ తనంతట తనే పడిపోతుంది కదా, మీకు బోర్డుతో పనేంటి?' ప్రశ్న సబబైనదే. షార్ట్ సర్క్యూట్ విషయంలో మనిషి చెయ్యి నిజంగానే పనికిరాదు. షాపుల్లో ప్లగ్గులకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీది పీవీసీ తొడుగు షార్ట్ సర్క్యూట్ సమయంలో తట్టుకోగల గరిష్ఠ హద్దు 160 డిగ్రీలు. 1,000 ఆంపియర్లు పోతే తీగ ఆ వేడికి చేరడానికి పట్టేది సుమారు 0.08 సెకను. కన్ను ఆర్పే వ్యవధి కూడా అంతకంటే ఎక్కువ. అంత వేగంగా తెంచగలిగేది ఎంసీబీ వంటి పరికరమే.

కానీ కాంప్లెక్సుల్లో మంటలన్నీ అలా మొదలవ్వవు. చాలా నెమ్మదిగా, ఎంసీబీకి గానీ ఆర్‌సీసీబీకి గానీ ఏమాత్రం తెలియకుండా మొదలయ్యేవి ఉన్నాయి. బోర్డులో ఒక స్క్రూ వదులైందనుకోండి. ఆ కనెక్షన్ దగ్గర అర ఓమ్ నిరోధం చేరిందనుకుందాం. ఆ తీగ మీద ఒక ఏసీ, కొన్ని లైట్లు కలిపి 10 ఆంపియర్లు నడుస్తున్నాయి. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 50 వాట్లు. మొబైల్ రిపేర్ షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అలాంటివి రెండు కలిపి ఒక స్క్రూ మీద పొద్దస్తమానం ఆనించి ఉంచినట్టు. అక్కడున్న పీవీసీ తొడుగు నిత్యం భరించగలిగేది 70 డిగ్రీలే.

ఆ సమయంలో ఎంసీబీ చూస్తున్నది 10 ఆంపియర్లు. దాని హద్దు 16 కాబట్టి దానికి అంతా సవ్యంగానే ఉంది. కరెంటు ఎక్కడికీ లీకు కావడం లేదు కాబట్టి ఆర్‌సీసీబీకీ తేడా తెలియదు. తెలిసేది ముక్కుకి, చెవికి, చేతికి: ప్లాస్టిక్ కాలుతున్న వాసన, సన్నని జుయ్యిమనే శబ్దం, బోర్డు తలుపు మీద చెయ్యి పెడితే తగిలే వేడి, నల్లబడిన తీగ కొస. అంటే ఆ బోర్డు దగ్గరకు రోజూ వెళ్లే మనిషి ఉంటేనే ఇది బయటపడుతుంది. సెల్లార్‌లో అట్టపెట్టెల వెనక తాళం వేసిన బోర్డులో ఈ స్క్రూ నెలల తరబడి వేడెక్కుతూనే ఉంటుంది. అద్దెదారుకి బోర్డు ఎందుకు అందుబాటులో ఉండాలి అంటే నేను ముందు చెప్పే కారణం ఇదే. ఆపద వచ్చాక ఆపడం ఎంత అవసరమో, రాకముందు కనిపెట్టడం అంతకంటే అవసరం.

ఓవర్‌లోడ్ సంగతి ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. ప్రమాణాల ప్రకారం 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్ల దగ్గర గంటలోపు పడిపోకూడదు. 23.2 ఆంపియర్ల దగ్గర గంటలోపు పడిపోయి తీరాలి. అంటే తీగ తన శక్తికి మించి దాదాపు గంటసేపు మొయ్యవచ్చు. కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంపావు రెట్లవుతుంది. అందుకే ఎంసీబీ పదే పదే పడిపోతోందంటే అది విసిగించడం కాదు, హెచ్చరించడం. బోర్డు షాపువాళ్ల కళ్లెదుట ఉంటే 'మధ్యాహ్నం రెండో ఏసీ వేసినప్పుడే పడిపోతోంది' అని వాళ్లకే అర్థమవుతుంది, లోడు తగ్గిస్తారు, లేదా కొత్త లైను లాగిస్తారు. బోర్డు వాచ్‌మన్ చేతిలో ఉంటే జరిగేది వేరు. రోజుకు నాలుగు ఫోన్లు వస్తాయి, ఆయన నాలుగుసార్లు మెట్లు దిగుతాడు, ఐదోరోజు ఎవరో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి 16 తీసేసి 32 పెట్టిస్తారు. ఫోన్లు ఆగిపోతాయి. తీగ మాత్రం పాతదే. ఇరవై ఆంపియర్లకు తగ్గ తీగలో నలభై ఆంపియర్లు పోతే వేడి నాలుగు రెట్లు. 32 ఆంపియర్ల ఎంసీబీ 46 ఆంపియర్ల దగ్గర కూడా గంటదాకా ఊరుకునే హక్కున్న యంత్రం. షాపులో కూర్చున్న మనిషికి తన ప్రాణానికి కాపలా ఉన్న అంకె మారిపోయిందని కూడా తెలియదు.

పక్క షాపు ఓవెన్, మన షాపు టీవీలు

కాంప్లెక్సుకి త్రీఫేజ్ సర్వీసు వస్తుంది. మూడు ఫేజుల్ని షాపుల మధ్య పంచుతారు, న్యూట్రల్ మాత్రం అందరికీ ఒకటే. ఆ ఉమ్మడి న్యూట్రల్ ఎక్కడైనా ఊడిపోతే ఏమవుతుందో లెక్క వేద్దాం. ఒక ఫేజ్ మీద 1 కిలోవాట్ లోడున్న మొబైల్ షాపు, ఇంకో ఫేజ్ మీద 3 కిలోవాట్ల ఓవెన్ నడుపుతున్న బేకరీ ఉన్నాయనుకుందాం. న్యూట్రల్ పోగానే ఈ రెండూ 400 ఓల్టుల మధ్య ఒకదాని వెనక ఒకటి చిక్కుకుంటాయి. తక్కువ లోడున్న మొబైల్ షాపుకి 300 ఓల్టులు, బేకరీకి 100 ఓల్టులు. బేకరీలో ఓవెన్ వేడెక్కదు, మొబైల్ షాపులో ఛార్జర్లు పేలతాయి, టీవీ బోర్డులు కాలిపోతాయి. లైట్లు ఒక్కసారిగా కళ్లు చెదిరేలా వెలగడమే దీనికి గుర్తు. అప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే, మన షాపు మెయిన్ వెంటనే ఆపడం. అక్కడ సెకన్లతో పని. షాపు లోపలే ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి తెంచే డబుల్ పోల్ స్విచ్ ఉంటే ఆ సెకన్లు మన చేతిలో ఉంటాయి.

రిపేరు చేసేటప్పుడు ఇంకో రకం ప్రమాదం పొంచి ఉంటుంది. మన షాపులో నిచ్చెనెక్కి ఎలక్ట్రీషియన్ ఫాల్స్ సీలింగ్‌లో తీగ కలుపుతున్నాడు. సెల్లార్‌లో స్విచ్ ఆపి వచ్చాడు. ఇంతలో వేరే షాపువాళ్లు 'మాకు కరెంటు లేదు' అంటే వాచ్‌మన్ కిందకు వెళ్లి, ఆపి ఉన్నవన్నీ పైకి ఎత్తేస్తాడు. తప్పు ఆయన ఒక్కడిదే అనలేం. ఏ స్విచ్ ఎవరిదో బోర్డు మీద రాసి లేదు, పని జరుగుతోందని అక్కడ గుర్తు లేదు. అమెరికాలో కార్మిక భద్రతా సంస్థ 1989లో తెచ్చిన నియమం ఈ ప్రమాదాన్నే ఆపుతుంది: రిపేరు చేసే మనిషి ఆపిన స్విచ్‌కి తన సొంత తాళం వేసుకోవాలి, పని అయ్యాక ఆ తాళం వేసిన మనిషే తియ్యాలి. బోర్డు దగ్గరకే వెళ్లనివ్వని చోట ఈ పద్ధతి పాటించే వీలే లేదు.

సరుకు నష్టం ప్రాణనష్టం ముందు చిన్నదే అయినా చిన్న వ్యాపారికి అది చిన్నది కాదు. మెడికల్ షాపు ఫ్రిజ్‌లో ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు లేని ఫ్రిజ్ తలుపు తియ్యకపోయినా చల్లదనం నిలిచేది దాదాపు 4 గంటలే. నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్ 48 గంటలు, సగమే నిండి ఉంటే 24 గంటలు నిలుపుకుంటుంది. శనివారం రాత్రి ఎంసీబీ పడిపోయి, వాచ్‌మన్ ఊరెళ్లి, సోమవారం పొద్దున గాని తాళం దొరక్కపోతే మందుల ఫ్రిజ్ లెక్క ఆదివారం తెల్లవారకముందే ముగిసిపోతుంది. ఐస్‌క్రీమ్ షాపుదీ, చికెన్ సెంటర్‌దీ ఇదే కష్టం.

ఓనరు భయాలు కూడా నిజమైనవే

ఓనర్లందరూ పంతంతో తాళం వేస్తారని నేను అనుకోవడం లేదు. వాళ్లకు మూడు భయాలుంటాయి, మూడూ న్యాయమైనవే. ఒకటి మీటరు. విద్యుత్ సంస్థ మీటరులో ఎవరైనా అక్రమంగా జోక్యం చేసుకుంటే 2003 విద్యుత్ చట్టం 138వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సర్వీసు ఓనరు పేరు మీద ఉంటే మొదట పిలుపు వచ్చేది ఆయనకే. రెండోది, ఒక షాపువాళ్లు ఇంకో షాపు స్విచ్ ఆపేస్తే వచ్చే తగాదా. మూడోది, పని తెలియనివాళ్లు పానెల్ తెరిచి ప్రాణం మీదికి తెచ్చుకోవడం.

ఈ మూడు భయాలకూ మందు తాళం వేసి తాళంచెవి దాచుకోవడం కాదు, బోర్డును రెండుగా విడదీయడం. విద్యుత్ సంస్థ కటౌట్, మీటర్లు, ఉమ్మడి బస్‌బార్ ఉన్న పానెల్ ఒక చోట ఉండాలి. దానికి తాళం ఉండాల్సిందే. ఒక్కో షాపు ఎంసీబీలు, ఆర్‌సీసీబీ ఉన్న డీబీ మాత్రం ఆ షాపు లోపల ఉండాలి. ఎనిమిది ఎంసీబీలు పట్టే డీబీ, మంచి కంపెనీ ఆర్‌సీసీబీ, పనివాళ్ల కూలీ కలిపినా అయ్యేది కొన్ని వేల రూపాయలు. చాలాచోట్ల అది ఒక నెల అద్దెలో చిన్న ముక్క. ఉమ్మడి పానెల్‌లో కూడా ప్రతి షాపు ఐసొలేటర్ మీద షాపు నంబరు చెరగకుండా తెలుగులో రాసి, పానెల్ గది తాళంచెవి ఒకటి అద్దాల పెట్టెలో గోడకు తగిలిస్తే రెండో భయం కూడా చాలావరకు తీరుతుంది.

నియమాల్లో కొలతలు కూడా ఉన్నాయి. త్రీఫేజ్ స్విచ్‌బోర్డు ముందు కనీసం 1 మీటరు ఖాళీ ఉండాలని 1956 నాటి భారత విద్యుత్ నియమాలే చెప్పాయి. వాటి స్థానంలో 2010లో వచ్చిన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు దాన్ని కొనసాగించాయి. వెనకవైపు తెరిచి ఉన్న కనెక్షన్లుంటే అక్కడి సందు 20 సెంటీమీటర్లలోపు గానీ 75 సెంటీమీటర్లకు పైన గానీ ఉండాలి. అంటే మనిషి అసలు దూరలేనంత ఇరుకైనా ఉండాలి, దూరితే సులువుగా బయటపడేంత వెడల్పైనా ఉండాలి. ఇరుక్కుపోయే మధ్య కొలత ఉండకూడదు. ఎంత ఆలోచించి రాసిన నియమమో చూడండి. మెయిన్ స్విచ్ సరఫరా మొదలయ్యే చోటికి వీలైనంత దగ్గరగా, వెంటనే ఆపగలిగేలా ఉండాలనీ, మోటార్ల వంటి యంత్రాల స్విచ్ వాటి పక్కనే, నడిపే మనిషి చేతికి అందేలా ఉండాలనీ అవే నియమాలు చెప్పాయి. సెల్లార్లలో పానెల్ ముందు వదలాల్సిన ఆ మీటరు జాగాలోనే పాత బోర్డులు, రంగు డబ్బాలు, దసరా సేల్ బ్యానర్లు పేర్చడం మన దగ్గర మామూలైపోయింది.

చట్టం ఎంతవరకు తోడు వస్తుంది

అద్దెదారుకు కరెంటు మీద హక్కు గట్టిదే. 2003 చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఆవరణ ఓనరు అడిగినా, అందులో ఉంటున్నవాళ్లు అడిగినా విద్యుత్ సంస్థ కనెక్షన్ ఇవ్వాలి. 2022 మే 13న దిలీప్ వర్సెస్ సతీష్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. కరెంటు కనీస సౌకర్యం, ఓనరు నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు దాన్ని నిరాకరించకూడదు, దరఖాస్తు చేసినవాళ్లు ఆ ఆవరణలో ఉంటున్నారా లేదా అన్నదే చూడాలి. వినియోగదారుల హక్కుల నియమాలకు 2024లో చేసిన సవరణ ప్రకారం కొత్త కనెక్షన్ మెట్రో నగరాల్లో 3 రోజుల్లో, ఇతర మునిసిపల్ ప్రాంతాల్లో 7 రోజుల్లో, పల్లెల్లో 15 రోజుల్లో ఇవ్వాలి. షాపుకి వేరే సర్వీసు, వేరే మీటరు తీసుకుంటే బోర్డు సమస్యలో సగం అక్కడే తీరుతుంది. సబ్ మీటరు మీద నడిచే షాపులు ఈ దారి ఆలోచించాలి.

ఓనరు కావాలని కరెంటు ఆపేస్తే? ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన అద్దెల నియంత్రణ చట్టం 14వ సెక్షన్ దాన్ని నిషేధిస్తుంది. తెలంగాణకు ఆ చట్టమే వారసత్వంగా వచ్చింది. అయితే 2005 సవరణ తర్వాత నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించదు. ఈ రోజు హైదరాబాద్‌లో 3,500లోపు అద్దెకు మల్గీ ఎక్కడ దొరుకుతుంది? అంటే ఆ రక్షణ కాగితం మీద ఉన్నా దాదాపు ఏ షాపుకీ అందదు. ఆంధ్రప్రదేశ్ 2017లో కొత్త అద్దెల చట్టం తెచ్చుకుంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం కరెంటు వంటి నిత్యావసర సేవలను ఆపకూడదని చెబుతుంది గానీ, అది రాష్ట్రాలు అమలు చేసుకోవాల్సిన నమూనా మాత్రమే.

ఈ చట్టాలన్నీ కరెంటు ఇవ్వాలంటాయి, ఆపకూడదంటాయి. ఆపే స్విచ్ మీద హక్కు మాత్రం అద్దె ఒప్పందం మీద ఆధారపడి ఉంటుంది. మన అద్దె ఒప్పందాలేమో చాలావరకు 11 నెలలవి. అందులో కరెంటు గురించి ఉండేది సాధారణంగా ఒకే వాక్యం: బిల్లు అద్దెదారే కట్టుకోవాలి. ఇంకో కోణం కూడా గుర్తుంచుకోవాలి. అనుమతి లేని వాడకం జరిగిందని అధికారులు తేలిస్తే 126వ సెక్షన్ కింద రెట్టింపు చార్జీ వేస్తారు. ఆ వాడకంతో లాభపడినవాళ్లను కూడా అందులో చేర్చవచ్చు. మీకు చూడ్డానికే వీల్లేని బోర్డులో జరిగినదానికి మీరు బాధ్యులయ్యే పరిస్థితి అది.

అమెరికాలో ఈ హక్కు ముందే రాసి ఉంది

డాలస్ చుట్టుపక్కల, న్యూజెర్సీలో మనవాళ్లు నడుపుతున్న టిఫిన్ సెంటర్లు, కిరాణా షాపులు ఎక్కువగా స్ట్రిప్ మాల్స్‌లో అద్దె షాపులే. అక్కడి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌ను మూడేళ్లకోసారి సవరిస్తారు. అందులో 240.24 నిబంధన, తన ఆవరణకు కరెంటు తెచ్చే తీగల్ని కాపాడే బ్రేకర్లన్నీ ప్రతి ఆవరణదారుకూ సులువుగా అందుబాటులో ఉండాలంటుంది. బ్రేకర్ పిడి నేల నుంచి 2 మీటర్ల ఎత్తు దాటకూడదు. పానెల్ ముందు సుమారు 76 సెంటీమీటర్ల వెడల్పు, 91 సెంటీమీటర్ల లోతు ఖాళీగా ఉండాలి. బట్టల అరల్లో, మెట్ల మీదుగా పెట్టకూడదు.

అక్కడ కూడా తాళం వెయ్యడం తప్పు కాదు. అందుబాటు అన్నదానికి ఆ కోడ్ చెప్పే అర్థం ఇది: నిచ్చెన ఎక్కకుండా, అడ్డు తొలగించకుండా, పనిముట్లు లేకుండా వెంటనే చేరగలగాలి. తాళంచెవిని మాత్రం పనిముట్ల లెక్కలోకి తీసుకోరు. అంటే తాళం ఉండొచ్చు, చెవి అద్దెదారు దగ్గర కూడా ఉండాలి. భవన యాజమాన్యమే కరెంటు సేవ, నిర్వహణ చూస్తూ నిరంతరం పర్యవేక్షణలో ఉండే భవనాల్లో మెయిన్, ఫీడర్ బ్రేకర్లను యాజమాన్యం తన చేతిలో ఉంచుకోవచ్చు. షాపు లోపలి సర్క్యూట్ల బ్రేకర్లకు ఆ మినహాయింపు వర్తించదు. ఓనరు భద్రత, అద్దెదారు భద్రత రెండూ నిలిచే గీత ఇదే. మన భవనాలకు కూడా సరిగ్గా సరిపోతుంది, దీనికి వేరే సాంకేతికత ఏదీ అక్కర్లేదు.

ఒప్పందంలో రాయించుకోవాల్సినవి

తర్వాతి సారి ఒప్పందం రాసుకునేటప్పుడు కరెంటు గురించి ఒక పేజీ అడగండి. మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లు, షాపుకి వచ్చే తీగ ఎన్ని చదరపు మిల్లీమీటర్లు, డీబీలో ఏ ఎంసీబీ ఎన్ని ఆంపియర్లదో పట్టిక రాసి ఇద్దరూ సంతకం చెయ్యాలి. ఇద్దరికీ తెలియకుండా వాటిలో ఏదీ మార్చకూడదు. డీబీ షాపు లోపల ఉండాలి, వీలుకాకపోతే దాని తాళంచెవి ఒకటి అద్దెదారు దగ్గర రాత్రీపగలూ ఉండాలి. సీలు వేసిన మీటరు జోలికి అద్దెదారు వెళ్లకూడదని కూడా అందులోనే రాస్తే ఓనరు నిశ్చింతగా ఉంటారు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, దాని మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడటం అద్దెదారు పని. ఏడాదికోసారి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో స్క్రూలన్నీ బిగించి చూపించడం ఓనరు పని. జనరేటర్, ఇన్వర్టర్ ఉంటే వాటిని ఆపే చోటు కూడా రాయాలి, ఎందుకంటే మెయిన్ ఆపినా వాటి నుంచి తీగల్లోకి కరెంటు రావచ్చు.

పాత ఒప్పందంలో ఉన్నవాళ్లు కూడా ఆగక్కర్లేదు. ఒక ఆదివారం ఓనరు గారినీ, పక్క షాపుల వాళ్లనూ, ఎలక్ట్రీషియన్‌నీ పిలిచి ఒక్కో స్విచ్ ఆపుతూ ఏది ఎవరిదో రాయించండి. చాలామంది ఓనర్లు ఈ మాటకు అడ్డు చెప్పరు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టే చెయ్యలేదు. బోర్డులు తెరిచే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌దే. మీ హక్కు స్విచ్ ఆపడం, చూడటం, వాసన వస్తే చెప్పడం. పడిపోయిన ఎంసీబీని ఒక్కసారి ఎత్తి చూడండి, మళ్లీ పడిపోతే వదిలేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇంత జాగ్రత్త ఎందుకో జరిగిన ప్రమాదాలే గుర్తు చేస్తాయి. 2022 మే 13న ఢిల్లీ ముండ్కాలో కార్యాలయాలు నడుస్తున్న నాలుగంతస్తుల భవనం కాలి 27 మంది చనిపోయారు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో పొగకు ఊపిరాడక ఆరుగురు చనిపోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద షాపులు, పైన ఇల్లు ఉన్న భవనంలో 17 మంది పోయారు. మూడు చోట్లా ప్రాథమికంగా షార్ట్ సర్క్యూట్‌నే అనుమానించారు. బయటికి దారి లేకపోవడం, ఇరుకు మెట్లు, ఇంకా అనేక కారణాలు ఆ చావుల వెనక ఉన్నాయి. బోర్డు తాళం ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. అయితే ప్రతిసారీ విచారణ మంట పుట్టిన తర్వాతే మొదలవుతోంది, మంట పుట్టే చోటును ముందే చూసే ఏర్పాటు మాత్రం ఇంకా లేదు.

ఆ ఏర్పాటుకి కొత్త శాఖ అక్కర్లేదు. షాపు పెట్టాలంటే నగరపాలక సంస్థల ట్రేడ్ లైసెన్సు కావాలి, దాన్ని మళ్లీ మళ్లీ పునరుద్ధరించుకోవాలి. ఆ దరఖాస్తులో రెండు ప్రశ్నలు చేర్చండి: ఈ షాపు డీబీ ఎక్కడుంది? దాని తాళంచెవి అద్దెదారు దగ్గర ఉందా? విద్యుత్ సంస్థలు కొత్త కమర్షియల్ సర్వీసు ఇచ్చేటప్పుడు ఇవే రెండు ప్రశ్నలు అడిగి, తాళంచెవి లేదని జవాబు వస్తే సరిచేసే దాకా మీటరు బిగించకూడదు. రెండు రాష్ట్రాల మునిసిపల్ శాఖలనూ, విద్యుత్ సంస్థలనూ కోరేది ఇదే. అప్పటిదాకా వ్యాపారులు ఎదురుచూడకుండా తమ తాళంచెవి తామే అడిగి తీసుకోవాలి.